ఈ పేజీ గ్రీకు, ఆ పేజీ సంస్కృతం

పదో తరగతి సైన్సు పుస్తకం తెరవండి. మీ ఇంట్లో లేకపోతే పక్కింటి పిల్లాణ్ణి అడగండి. సంతోషంగా ఇచ్చేస్తాడు, మళ్లీ అడగడు కూడా. సర్కారీ బడుల్లో ఇప్పుడవి ద్విభాషా పుస్తకాలు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు. చూడముచ్చటగా ఉంటాయి. రసాయన చర్యల పాఠానికి వెళ్లండి. అక్కడ సున్నం ఉంటుంది. కాల్చిన సున్నం మీద నీళ్లు పోస్తే గిన్నె వేడెక్కుతుందని ఉంటుంది.

ఇది చెప్పడానికి పుస్తకం కావాలా? పండక్కి గోడలకు వెల్ల వేసిన ఏ ఇంట్లోనైనా తెలిసిన సంగతే. తొట్టిలో సున్నపు గడ్డలు వేసి నీళ్లు పోస్తారు. బుసబుసమంటుంది. గడ్డ పగులుతుంది, పొంగుతుంది, ఆవిరి లేస్తుంది. "దగ్గరికి రాకురా, సున్నం ఉడుకుతోంది!" అని అమ్మమ్మ కేకేస్తుంది. కట్టె లేదు, పొయ్యి లేదు, అగ్గిపుల్ల గీసినవాడు లేడు. ఉడుకు మాత్రం ఉంది. ఎక్కణ్ణుంచి వచ్చింది? అసలు పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నే.

పుస్తకం ఏమంటుంది? ఇంగ్లీషు పేజీలో 'ఎగ్జోథర్మిక్ రియాక్షన్'. తెలుగు పేజీలో 'ఉష్ణమోచక చర్య'.

ఒక పేజీ గ్రీకు. ఎదుటి పేజీ సంస్కృతం. మరి తెలుగేది? రెండు పేజీల నడుమ కుట్టు వేసిన చోట నలిగి ఉంటుంది. వెతుక్కోండి.

పిల్లవాడు ఏం చేస్తాడు? ఏం చేస్తాడు పాపం, రెండూ బట్టీ పడతాడు. పరీక్షలో 'ఎగ్జో'కి 'ఎండో' రాసి ఒక మార్కు పోగొట్టుకుంటాడు. ఇంట్లో వీపు విమానం మోత. సున్నం ఉడకడం వాడికి తెలియక కాదు. ఉడకడాన్ని గ్రీకులో ఏమంటారో వాడికి ఎవరూ చెప్పలేదు.

గ్రీకువాళ్ల మీద నాకేం కోపం లేదు. వాళ్లు 'థెర్మోస్' అన్నారు. వేడి అని అర్థం. 'ఎక్సో' అన్నారు. బయట అని అర్థం. 'ఎండో' అంటే లోపల. అయిపోయింది! బయటికి వేడి వదిలేది ఒకటి, లోపలికి వేడి పీల్చేది ఒకటి. టీచరు నల్లబల్ల మీద ఈ మూడు ముక్కలు రాయడానికి ఎంతసేపు పడుతుంది? హాజరు పిలిచే సమయంలో సగం పట్టదు. మరో రెండు ముక్కలు కలపండి: 'పూర్' అంటే నిప్పు, 'కైయిన్' అంటే కాల్చడం. ఇక తాళాలన్నీ వాటంతటవే తెరుచుకుంటాయి. థర్మామీటరు, థర్మోస్టాటు, థర్మల్ పవర్ స్టేషను, పైరోమీటరు, జ్వరం బిళ్ల అట్ట మీద ఉండే యాంటీపైరెటిక్, సబ్బులు చేసేవాళ్ల కాస్టిక్ సోడా, గాయాన్ని వాతపెట్టి మూసే కాటరీ. గుప్పెడు వేళ్లు, బుట్టెడు మాటలు. పదేళ్ల చదువులో ఆ గుప్పెడు ఇవ్వడానికి ఒక్కరికీ తీరికలేదా?

గ్రీసు దేశంలో స్నానాల గదిలోని నీళ్ల హీటరును 'థెర్మోసీఫోనస్' అంటారు. ముసలమ్మలూ అంటారు, ప్లంబర్లూ అంటారు. బిడ్డ నుదురు చుర్రుమంటే తల్లి 'పిరెతోస్' అంటుంది. జ్వరమని. మన మెడికల్ కాలేజీలో 'పైరెక్సియా' అని కళ్లజోడు సవరించుకుని పలికే మాట అక్కడ వంటింటి మాట. సినిమాలో స్పార్టా వీరులు పొలికేకలు పెట్టిన థర్మోపైలే కనుమ ఉంది చూశారూ, క్రీస్తుపూర్వం 480లో యుద్ధం జరిగిన చోటు, ఆ పేరుకు 'వేడి ద్వారాలు' అని అర్థం. అక్కడ వేడినీటి ఊటలున్నాయి కాబట్టి ఆ పేరు పెట్టుకున్నారు. ఏ కమిటీ కూర్చుని పెట్టలేదు.

ఇంకో సంగతి చెప్తాను, ఇది వింటే ఒళ్లు మండుతుంది. గ్రీకు 'థెర్మోస్', సంస్కృత 'ఘర్మ', పారసీక 'గర్మ్' ఒక తల్లి పిల్లలు. భాషా శాస్త్రజ్ఞులు ఎప్పుడో తేల్చిన విషయమిది. ఆ పారసీకం పిల్లే ఉర్దూ మీదుగా మన గల్లీలోకి వచ్చి 'గరం' అయింది. గరం చాయ్, గరం మసాలా, గరం గరం బజ్జీ. అంటే హైదరాబాదులో ఇరానీ హోటల్ ముందు నిలబడి చాయ్ తాగే ప్రతివాడూ థర్మోడైనమిక్స్‌కు చుట్టమే. 'థర్మో అంటే గరంరా' అని ఒక్క మాట చెబితే క్లాసంతా నవ్వేది. నవ్వినవాళ్లు మరిచిపోరు. కానీ మన క్లాసులో నవ్వు నిషిద్ధం కదా. సిలబస్ వెనకబడిపోతుంది.

కార్పొరేట్ కాలేజీకి వెళ్దాం రండి. ఏ కాలేజీ అని అడక్కండి, ఏదైనా ఒకటే. ఉష్ణగతిక శాస్త్రాన్ని అక్కడ నిజంగా అర్థం చేసుకున్నది అకౌంట్స్ సెక్షను. ఏసీ క్యాంపస్ ఒక రేటు, ఏసీ లేనిది ఒక రేటు. వేడికి విలువ కట్టడంలో లార్డ్ కెల్విన్ కూడా ఇంత దూరం ఆలోచించలేదు. లక్షలు కట్టిన పిల్లవాడికి లోపల దొరికేది ఏమిటి? 'ఐసోథర్మల్ అంటే డెల్టా టీ జీరో. అడయాబాటిక్ అంటే డెల్టా క్యూ జీరో. రాసుకో. నెక్స్ట్.' ఎందుకు జీరో అని అడిగితే? 'ఎంసెట్‌లో ఎందుకు అని అడగరు.' ఎంసెట్ పేరు మారింది. ఈ జవాబు మారలేదు.

ఆ అడయాబాటిక్ సంగతి చూడండి. గ్రీకులో 'అడియాబాటోస్' అంటే దాటరానిది. జెనోఫోన్ అనే గ్రీకు సైనికుడు వాడిన మాట. క్రీస్తుపూర్వం 401లో పదివేల మంది గ్రీకు కిరాయి సైనికులు పర్షియా నడిబొడ్డున చిక్కుకుపోయారు. జీతమిస్తానన్న రాజకుమారుడు యుద్ధంలో చచ్చాడు. ఇంటికి పోదామంటే అడ్డంగా నదులు. కాలినడకన దాటలేని నదులు. వాటికి వాడాడు జెనోఫోన్ ఆ మాట. రెండు వేల ఏళ్లు దాటాక ర్యాంకిన్ అనే స్కాట్లండ్ ఇంజనీరు ఆవిరి ఇంజన్ల లెక్కల్లోకి దాన్ని తెచ్చాడు. గోడ ఇవతల వేడి అవతలికి దాటదు, అవతల వేడి ఇవతలికి దాటదు. ఎంత పొందికైన మాట! ఇంత కథ ఉన్న మాట పిల్లల చేతికి ఎలా వచ్చింది? 'డెల్టా క్యూ జీరో'గా వచ్చింది. పదివేల మంది సైన్యాన్ని, నదుల్ని, జీతం ఎగ్గొట్టి చచ్చిన రాజకుమారుణ్ణి అంతా కలిపి సున్నా చేశారు.

తెలుగు మీడియం పిల్లవాడి గతి ఇంకా ఘనం. వాడికి అడయాబాటిక్ లేదు, 'స్థిరోష్ణక ప్రక్రియ' ఉంది. పక్కనే ఐసోథర్మల్‌కు 'సమోష్ణోగ్రత ప్రక్రియ' ఉంది. రెండూ ఒకసారి పైకి చదవండి. స్థిరోష్ణ, సమోష్ణ. కవల పిల్లలకు ఒకే రంగు చొక్కా తొడిగి ఎవరు ఎవరో చెప్పమన్నట్టు లేదూ? 'స్థిరోష్ణ' అని చదివినవాడు ఏమనుకోవాలి? వేడి స్థిరంగా ఉంది, మారలేదు అనే కదా! ఇప్పుడు సైకిల్ పంపు తీసుకుని గబగబా కొట్టి అడుగున చెయ్యి పెట్టి చూడమనండి. చురుక్కుమంటుంది. గాలికి బయటి నుంచి ఎవరూ వేడి ఇవ్వలేదు. లోపలి వేడికి బయటికి పోయే వ్యవధి దాదాపు లేదు. అయినా గాలి వేడెక్కింది. నొక్కిన కష్టమంతా ఉడుకై కూర్చుంది. అదీ స్థిరోష్ణకం! పేరులో స్థిరం, పంపులో చురక. గ్రీకు మాటలో అసలు 'వేడి' అన్న ముక్కే లేదు, 'దాటదు' అని మాత్రమే ఉంది. మనవాళ్లు దాటడాన్ని తీసేసి వేడిని పెట్టారు. పండితులు కదా.

తెలుగులో వేడికి మాటలు లేకనా ఈ తిప్పలు? నీళ్లు గోరువెచ్చనవుతాయి. వెచ్చనవుతాయి. కాగుతాయి. మసులుతాయి. మరుగుతాయి. ఎసరు తెర్లుతుంది. పొయ్యికి ఎడంగా కూర్చున్నా సెగ తగులుతుంది. మూకుడు కాక పట్టుకుంటుంది. అన్నం అడుగంటుతుంది, కూర మాడుతుంది, చమురు కమురుకంపు కొడుతుంది. నిప్పు రాజుకుంటుంది, రగులుతుంది, మండుతుంది, కడకు నివురు కప్పుతుంది. గాలి ఆడకపోతే ఉక్క, ఆడితే వడ. ఒక్క వేడికి ఇన్ని మెట్లు కట్టుకున్న జాతి మనది. ఈ మాటల్లో పారిభాషిక పదకోశం గడప దాటింది ఎన్ని? పొయ్యి ముందు కూర్చున్న ప్రతి తల్లికీ తెలిసిన సెగ పాఠంలోకి వచ్చేసరికి 'ఉష్ణ వికిరణం' అయి కూర్చుంది. సంస్కృతం వద్దని నేను అనడం లేదు. గుప్తోష్ణం మంచి మాట. దాక్కున్న వేడి, వినగానే బొమ్మ కడుతుంది. కానీ పిల్లవాడికి ఆ బొమ్మ విప్పి చూపించేదెవరు? గ్రీకు విప్పరు. సంస్కృతం విప్పరు. విప్పితే రహస్యం పోతుంది, రహస్యం పోతే గౌరవం పోతుంది, గౌరవం పోతే ట్యూషన్ పోతుంది.

పోనీ ఆ మాటలు పుట్టించిన మహానుభావులంతా శుద్ధపూసలా? కాదు. 18వ శతాబ్దంలో జర్మనీ వైద్యుడు స్టాల్ 'ఫ్లోజిస్టన్' అన్నాడు. కాలినది అని అర్థమిచ్చే గ్రీకు మాట. ప్రతి మండే వస్తువులోనూ ఆ పదార్థం ఉంటుందని, మండినప్పుడు అది బయటికి పోతుందని సిద్ధాంతం. గంభీరమైన గ్రీకు పేరు కదా, పండితులంతా నమ్మారు. ఒక్కటే చిక్కు: అలాంటి పదార్థమేదీ లేదు. లోహాన్ని కాల్చి తూచి చూస్తే బరువు పెరిగింది. ఏదో బయటికి పోతే బరువు తగ్గాలి కదా? అప్పుడు కొందరు ఘనులు ఏమన్నారో తెలుసా? ఫ్లోజిస్టన్‌కు మైనస్ బరువు అన్నారు!

నవ్వకండి. ఏటా ఉత్తీర్ణత శాతం పెరుగుతుంది, పిల్లలకు చదవడం రాదు. ఈ లెక్క కుదరాలంటే చదువుకు మైనస్ బరువు ఉండాలి. మన విద్యాశాఖ ఫ్లోజిస్టన్‌ను ఇంకా వదల్లేదు.

ఆ బూటకాన్ని పారిస్‌లో లావోయిజే అనే రసాయన శాస్త్రజ్ఞుడు తక్కెడ పెట్టి పగలగొట్టాడు. శభాష్. పగలగొట్టి ఊరుకున్నాడా? గ్రీకు మాటను గెంటేసి లాటిన్ మాటను కూర్చోబెట్టాడు. 'కెలోరిక్' అన్నాడు. వేడి అంటే కంటికి కనపడని ఒక ద్రవమట. 1789లో అచ్చేసిన మూలకాల జాబితాలో ఆక్సిజన్ పక్కనే దాన్నీ చేర్చాడు. 1798లో రంఫర్డ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ ముచ్చట తీర్చాడు. మ్యూనిక్‌లో ఫిరంగులు తొలిచే చోట, మొద్దు బరమాతో నీళ్లలో లోహాన్ని రాపాడించాడు. గుర్రాలు తిప్పుతున్నాయి. రెండున్నర గంటల్లో నిప్పు లేకుండా నీళ్లు సలసల కాగాయి. చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు తెరిచారు. తిప్పినంతసేపూ వేడి వస్తూనే ఉంటే అదెక్కడి ద్రవం? ఎంత పిండినా అయిపోని ద్రవమా? ఆ తర్వాత రంఫర్డ్ లావోయిజే విధవరాలినే పెళ్లాడాడు. అది వేరే కథ, అక్కడ రాపిడి ఇంకా ఎక్కువైంది. కెలోరిక్ చచ్చినా కెలోరీ బతికింది. బిస్కెట్ పొట్లాం మీద ఉంది, చూసుకోండి.

మాట ఎంత పాత భాషలోదైతే అంత నిజమని నమ్మే జబ్బు మనకొక్కరికే లేదన్నమాట. 1865లో జర్మనీ శాస్త్రజ్ఞుడు క్లాసియస్ 'ఎంట్రోపీ' అన్నాడు. ప్రాచీన భాష నుంచి తీసుకుంటే లోకంలోని భాషలన్నిటిలో ఒకే అర్థం నిలుస్తుందని వాదించాడు. ఆశ మంచిదే. ఫలితమేమిటి? మన ఇంటర్ పిల్లల్ని అడగండి, అన్ని మీడియాలలోనూ ఒకే రకంగా దిక్కులు చూస్తారు. ఎంథాల్పీ ఇంకా తమాషా. వెచ్చబరచడం అనే గ్రీకు క్రియలోంచి ఆ మాట పుట్టింది. పుట్టించినవాడిగా చెప్పేది లైడెన్‌లోని కామర్లింగ్ ఓన్స్‌ను. 1908లో హీలియంను ద్రవం చేసినవాడు. అంటే సున్నాకు 269 డిగ్రీల దిగువన, లోకంలోకెల్లా చలిపట్టిన ప్రయోగశాలలో కూర్చుని వెచ్చదనానికి పేరు పెట్టాడు. ఈ ముక్క చెబితే ఎంథాల్పీని ఏ పిల్లవాడు మరిచిపోతాడు? చెప్పరు. చెప్పేవాడికీ ఎవరూ చెప్పలేదు.

ఇక మన నాయకుల మాతృభాషా ప్రేమ. 1966లో అధికార భాషా చట్టం చేశాం. 1968లో తెలుగు అకాడమీ పెట్టుకున్నాం. ప్రపంచ మహాసభలు జరిపాం. పట్టుపంచెలు, శాలువాలు, 'తేనెలొలుకు తెలుగు'. సభ ముగిశాక మనవణ్ణి ఇంటర్నేషనల్ స్కూలు నుంచి తీసుకురావడానికి కారు వెళ్లింది. 2019లో ఆంధ్రప్రదేశ్ సర్కారు సర్కారీ బడుల్లో ఇంగ్లీషు మీడియమే అని ఉత్తర్వు ఇచ్చింది. 2020లో హైకోర్టు కొట్టేసింది. ఒకడు పేదల పిల్లలకు ఇంగ్లీషు వద్దా అని ఛాతీ చరుచుకున్నాడు. ఇంకొకడు తల్లిభాష గొంతు కోస్తారా అని కన్నీళ్లు పెట్టాడు. టీవీల్లో నెలల తరబడి కుస్తీ. ఇంత రాద్ధాంతంలో ఒక్కడంటే ఒక్కడు, ఒక్క సాయంత్రమైనా, 'సరే, ఇంగ్లీషులో అయినా తెలుగులో అయినా ఆ ఎగ్జోథర్మిక్ అంటే పిల్లవాడికి అర్థమవుతోందా?' అని అడిగాడా? మీడియం మీద యుద్ధం చేసినంత మంది అర్థం మీద చేయలేదు. అర్థానికి ఓట్లు పడవు మరి.

ఇదంతా మార్కుల గొడవే కదా, పోనీలెమ్మంటారా? అయితే ఎండలోకి రండి.

ఏప్రిల్ మధ్యాహ్నం. ఉపాధి పనిలో మట్టి తవ్వుతున్న మనిషి ఒళ్లు కాలిపోతోంది. మాట తడబడుతోంది. పక్కవాళ్లు జ్వరమనుకుంటారు. పారాసిటమాల్ బిళ్ల వేసి చెట్టుకింద పడుకోబెడతారు. ఇక్కడే 'పూర్', 'థెర్మ్' అనే ఆ గ్రీకు ముక్కలు రెండూ విడిపోతాయి. పైరెక్సియా అంటే జ్వరం. మెదడే ఒంటి వేడి గీతను పైకి జరుపుతుంది. బిళ్ల ఆ గీతను కిందికి దించుతుంది. హైపర్‌థర్మియా వేరు. గీత ఉన్నచోటే ఉంటుంది; బయటి వేడి ఒంటిని గెలిచేస్తుంది. దాన్ని దించే శక్తి ఏ బిళ్లకూ లేదు. నీళ్లు కావాలి, ఒళ్లంతా తడపాలి, విసరాలి, ఐస్ పెట్టాలి, ఆస్పత్రికి పరుగెత్తాలి. యాంటీపైరెటిక్ అనే పేరులోనే ఉంది, అది 'పూర్' బిళ్ల, 'థెర్మ్' బిళ్ల కాదని. మన భాషలోనూ ఉంది: ఒకటి జ్వరం, ఒకటి వడదెబ్బ. అయినా ఆ తేడాను బతుకుకు పనికొచ్చేలా పదేళ్లు బడికి వెళ్లిన ఎందరికి చెప్పాం? 'ఎండో, ఎగ్జోలకు రెండు భేదాలు రాయుము' అని అడిగాం. రెండు మార్కులు.

2015 వేసవిలో దేశంలో రెండు వేలకు పైగా మంది ఎండకు చచ్చారు. ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్లే. చచ్చినవాడు వడదెబ్బకే చచ్చాడని తహసీల్దారు, పోలీసు, డాక్టరు కలిసి తేల్చాలి. కాగితం మీద 'కార్డియాక్ అరెస్ట్' అని పడిందా, పరిహారం హుళక్కి. గుండె ఆగకుండా చచ్చినవాడెవడైనా ఉన్నాడా సారూ? అది కూడా గ్రీకేలెండి. 'కార్డియా' అంటే గుండె. వాళ్లకు ఉంది.

సర్కారు ఏమంటుంది? ప్రజలు ప్రశాంతంగా, ఇళ్లలోనే ఉండాలి అంటుంది. ఇంగ్లీషు ప్రకటనలో 'కామ్'గా ఉండమంటుంది. ఆ 'కామ్' అన్న మాట కూడా గ్రీకు 'కౌమా' నుంచే వచ్చిందంటారు. కౌమా అంటే మండే ఎండ. మిట్టమధ్యాహ్నం ఎండకు ఓర్వలేక పని ఆపి నీడలో చతికిలబడటం లోంచి లాటిన్, ఇటాలియన్ మీదుగా 'ప్రశాంతం' పుట్టిందట. పని ఆపి నీడన కూర్చుంటే కూలి ఎవరిస్తారు? ఆ సంగతి ప్రకటనలో ఏ భాషలోనూ లేదు.

ప్రతి జిల్లాలోనూ వేసవి ప్రణాళిక మీద సమీక్ష జరుగుతుంది. పెద్ద హాలు, కిటికీలకు తెరలు, బల్ల మీద జీడిపప్పు. గోడకు ఏసీ. కొత్త ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని 2020 నుంచి కేంద్రం నిబంధన ఉంది. రిమోట్ మాత్రం సారు చేతిలో ఉంటుంది, 18 దగ్గర. రెండు గంటలు గడిచాయి. పైనుంచి వచ్చిన మేడమ్‌గారికి చలేసింది. అటెండర్ పరుగెత్తుకొచ్చి 22కు పెంచాడు. ఆ సమావేశంలో ఉష్ణోగ్రత మీద తీసుకున్న చర్య అదొక్కటే. మినిట్స్‌లో అదీ రాయలేదు.